అసమానత ఎక్కువైతే హత్యలు ఎక్కువవుతాయా? గినీ లెక్కలు, ఎన్‌సీఆర్‌బీ పట్టికలు, దక్షిణాఫ్రికా

తూనికరాయి

"ఆదాయాల్లో తేడాలు ఎక్కువున్న చోట హింస ఎక్కువ" అనే మాట ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రాష్ట్రాల వారీ పట్టిక వేస్తే మాత్రం తలకిందులుగా వస్తోంది. అసమానతకు నేను వాడిన కొలత గినీ: 0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కడికే. వినియోగ వ్యయ సర్వేల ప్రకారం కేరళలో అసమానత దేశంలో ఎక్కువున్న రాష్ట్రాల సరసన ఉంది, హత్యల రేటేమో బాగా తక్కువ. బీహార్‌లో గినీ తక్కువ, ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కలో 2022 లో హత్యలు 2,930.

దేశం మొత్తం తీసుకున్నా అంతే. ప్రపంచ బ్యాంకు లెక్కలో మన గినీ 2011-12 లో 0.288, 2022-23 కి 0.255. ఆ అంకె పట్టుకునే 2025 జూలైలో "ప్రపంచంలో నాలుగో అత్యంత సమాన దేశం మనదే" అని ప్రభుత్వ ప్రకటన వచ్చింది. అమెరికాలో 1990 నుంచి 2014 కి గినీ 0.428 నుంచి 0.480 కి ఎక్కింది. హత్యల రేటు 1991 లో లక్ష జనాభాకు 9.8 ఉన్నది 2014 కి 4.4 కి దిగింది.

మరి ఈ సంబంధం ఎక్కడిది? నా పట్టికలో తప్పుంటే ఎక్కడో చెప్పండి. సిద్ధాంతాలు తర్వాత.

పట్టికలపిచ్చి

తప్పులు మూడున్నాయండీ. చిన్నదానితో మొదలుపెడతా.

బీహార్‌కు 2,930 అని రాశారు, కేరళకు రేటు అన్నారు. రెండూ రేట్లే పెట్టండి. 2022 లో సంఖ్య పరంగా ఉత్తర ప్రదేశ్‌దే మొదటి స్థానం, 3,491. జనాభాతో భాగిస్తే లక్షకు 1.5, అంటే జాతీయ సగటు 2.1 కంటే తక్కువ. బీహార్ 2.3. సగటు కంటే ఎక్కువే, కానీ మీరు ఊహించుకున్నంత ఎత్తులో లేదు.

రెండోది అసలు జబ్బు. మీరు వాడింది ఆదాయపు గినీ కాదు, ఖర్చుల గినీ. తేడా ఎంతుంటుందో ఐదు ఇళ్లతో చేసి చూపిస్తా. నెలకు వేలల్లో ఆదాయాలు 5, 10, 15, 20, 50 అనుకోండి.

చిన్నదాని నుంచి పెద్దదానికి వరుస పెట్టి, ఒక్కోదాన్ని దాని వరుస సంఖ్యతో గుణించి కూడండి: 5 + 20 + 45 + 80 + 250 = 400. దాన్ని రెట్టింపు చేస్తే 800. ఇళ్ల సంఖ్య 5 ని మొత్తం ఆదాయం 100 తో గుణిస్తే 500. 800 ని 500 తో భాగిస్తే 1.6. అందులోంచి 6/5 (ఇళ్ల సంఖ్యకు ఒకటి కలిపి, ఇళ్ల సంఖ్యతో భాగించినది), అంటే 1.2 తీసెయ్యండి. గినీ 0.40.

ఇప్పుడు అవే ఇళ్ల ఖర్చులు చూద్దాం. లేనివాడు అప్పు చేసైనా తింటాడు, ఉన్నవాడు మిగిల్చి దాచుకుంటాడు. కాబట్టి 6, 10, 13, 16, 30 అనుకోండి. అదే పద్ధతిలో చేస్తే 0.288 వస్తుంది. ఊరు అదే, మనుషులు అవే, గినీ మాత్రం 0.40 నుంచి 0.29 కి దిగిపోయింది.

ఇంకోటి. సర్వేకు వెళ్లినవాళ్లకు ఆ 50 వేల ఇంటి గేటు తెరుచుకోలేదు. మిగిలిన నాలుగిళ్ల ఆదాయంతో లెక్క వేస్తే 0.25. పై మెట్టు మీదున్న ఒక్క ఇల్లు జారిపోతే ఊరంతా సమసమాజంలా కనిపిస్తుంది. మన దేశంలో ఆదాయపు లెక్క వేసినవాళ్లు 2022-23 లో పైనున్న ఒక శాతం మంది చేతికి 22.6 శాతం ఆదాయం పోతోందని తేల్చారు. ప్రపంచ బ్యాంకు 0.255 ఇచ్చిన ఆ పత్రంలోనే, వేరే మూలం ప్రకారం ఆదాయపు గినీ 2004 లో 0.52, 2023 కి 0.62 అని కూడా ఉంది. "నాలుగో సమాన దేశం" అన్నవాళ్లు ఆ వాక్యం దాకా చదివినట్టు లేదు.

మూడోది కాలంతో పోలిక. 2022-23 సర్వేలో ప్రశ్నావళిని మూడు ముక్కలు చేసి ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లారు. 2011-12 లో అలా కాదు. కొలకర్ర మారింది కాబట్టి 0.288, 0.255 లను పక్కపక్కన పెట్టి "తగ్గింది" అనలేం. అమెరికా వరుసలోనూ ఇలాంటి అతుకు ఉంది. 1993 లో ఆదాయాలు నమోదు చేసే పద్ధతి మార్చారు, ఆ ఒక్క ఏడాదే గినీ ఎగిరింది. పెరుగుదలలో కొంత ఆ అతుకుదే.

ఓరుగల్లు_బిడ్డ

గినీ సంగతి అన్న చెప్పిండు. హత్యల కాలమ్ గురించి నేను చెప్త.

ముందుగాల ఒక మాట: వేరే నేరాలు పెట్టకుండ హత్యలే పెట్టినవు, మంచి పని. దొంగతనం, కొట్లాట, లైంగిక దాడి, ఇవన్నీ ఎఫ్ఐఆర్ అయితెనే లెక్కకొస్తయ్. స్టేషన్ల రాసుకునే అలవాటున్న కేరళల మొత్తం నేరాల రేటు దేశంల పైన కనబడ్తది. అంటె అక్కడ నేరాలెక్కువని కాదు, కాయిదం మీదికి ఎక్కుతున్నయని. శవాన్ని దాచుడు కష్టం గనుక హత్య ఒక్కటే కొంత నమ్మదగ్గ లెక్క.

అది గూడ పూర్తి లెక్క కాదు. వరకట్న మరణాలు హత్యల కింద రావు. పాత ఐపీసీల 304బి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 80. 2022 ల హత్య కేసులు 28,522, వరకట్న మరణాలు 6,450. రెండు కలిపితె 34,972, రేటు 2.1 నుంచి రెండున్నరకు పోతది. ఇది అన్ని రాష్ట్రాలల్ల సమానంగ పెరగదు. వరకట్న మరణాలు ఉత్తర ప్రదేశ్, బీహార్‌లల్ల చానా ఎక్కువ, కేరళల చానా తక్కువ. నీ పట్టిక వరుసే మారిపోతది. హత్యగా పరిగణించని మరణాలు, అంటె పాత 304, అవి ఇంకో పద్దు.

ఒకే ఎఫ్ఐఆర్‌ల నాలుగు నేరాలుంటె అన్నిట్ల పెద్దదాన్నే ఎన్‌సీఆర్‌బీ లెక్క పెడ్తది. కేసుల సంఖ్య వేరు, బాధితుల సంఖ్య వేరు. ఏదో ఒకటి పట్టుకో, మధ్యల మార్చకు.

సందేహాలరావు

బావుంది. గినీ నమ్మలేం, హత్యల లెక్క సగం, సర్వేలు అతుకులు. అంటే ఏ లెక్కా పనికిరాదు, కానీ "అసమానత వల్ల హింస" అన్న సిద్ధాంతం మాత్రం నిలబడాలి. అంతేనా?

గోదారిగట్టు

అంతే కాదు లెండి రావుగారూ. మన లెక్కల్లో కనబడకపోతే ఎక్కడా లేదని కాదుగా. లెక్కలు బాగున్న చోట ఏం దొరికిందో చూద్దాం.

2000 లో మోర్గన్ కెల్లీ అమెరికా నగర కౌంటీల మీద చేసిన పనిలో తేలింది ఇది: దొంగతనాల్లాంటి ఆస్తి నేరాలకు పేదరికంతో, పోలీసుల తీరుతో సంబంధం ఉంది, అసమానతతో కనబడలేదు. హింసాత్మక నేరాలకు అసమానతతో గట్టి సంబంధం ఉంది. చాలామంది ఊహించేదానికి ఇది ఎదురు. ఉన్నవాడి సొమ్ము చూసి లేనివాడు దొంగిలిస్తాడన్నది మనకు తోచే కథ. ఆ లెక్కలో కనబడింది మాత్రం దొంగతనం కాదు, కొట్లాట, చావు.

2002 లో ఫాయ్న్‌సిల్బర్, లెడర్మన్, లోయజా హత్యలకు 39 దేశాలు, దోపిడీలకు 37 దేశాలు తీసుకుని ఇదే దిశ చూపించారు. ఒక దేశంలో గత ఏళ్ల నేరాలు ఈ ఏటి నేరాలను లాక్కొస్తాయన్నది కూడా లెక్కలో కలిపారు.

దీన్ని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు, దాచడం దేనికి. ఎరిక్ న్యూమాయర్ ఒక్కో దేశాన్ని దానితోనే పోల్చే పద్ధతి వాడితే దోపిడీల విషయంలో సంబంధం నీరుగారిపోయింది. 2011 లో ప్రైడ్‌మోర్ అసలు గుచ్చు గుచ్చాడు: అసమానత ఎక్కువున్న దేశాలు చాలావరకు పేద దేశాలే, మీరు పేదరికాన్ని కొలుస్తూ దానికి అసమానత అని పేరు పెట్టుకున్నారేమో అని. శిశుమరణాల రేటును పేదరికానికి గుర్తుగా పెట్టి చూస్తే అసమానత పక్కకు జరిగింది.

ఈ రెండింటినీ విడదీయడానికి కెనడా బాగా పనికొచ్చింది. అమెరికాలో పేద రాష్ట్రాలే అసమాన రాష్ట్రాలు కూడా, విడదీయలేం. కెనడాలో కేంద్రం పేద ప్రావిన్సులకు సమీకరణ నిధులిస్తుంది. అందువల్ల అట్లాంటిక్ తీరపు ప్రావిన్సులు పేదవే అయినా లోపల తేడాలు తక్కువ. పడమటివి సంపన్నమే కానీ తేడాలు ఎక్కువ. 2001 లో డేలీ, విల్సన్, వాస్దేవ్ చూస్తే హత్యలు పేద ప్రావిన్సుల్లో కాదు, అసమాన ప్రావిన్సుల్లో ఎక్కువున్నాయి. ప్రావిన్సులు పదే కదా అంటారా, నిజమే. కానీ పేదరికమే అంతా అనేవాళ్లు దీన్ని దాటి పోలేరు.

డర్బన్_తెలుగు

దక్షిణాఫ్రికా మాట లేకుండా ఈ చర్చ ఏమిటండీ! 2014 గినీ 0.63. పట్టికలపిచ్చి గారు గమనించాల్సింది: ఇది కూడా ఖర్చుల గినీయే. కాబట్టి మన 0.255 పక్కన పెట్టి చూడగలిగే అంకె ఇదే, బ్రెజిల్‌ది కాదు. లాటిన్ అమెరికా దేశాలు ఆదాయం కొలుస్తాయి.

ఇక్కడ పోలీసు సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. 2022-23 లో హత్యలు 27,494, లక్షకు 45. భారత్ జనాభాలో ఇరవయ్యో వంతు కూడా లేని దేశంలో, దాదాపు మన దేశం మొత్తంలో జరిగినన్ని.

పైనుంచి "పేదవాడి కోపం ధనికుడి మీద" అనిపిస్తుంది. హత్యలు ఎక్కడ జరుగుతున్నాయో చూస్తే ఆ కథ నిలవదు. కేప్‌టౌన్‌లో కాన్‌స్టాన్షియా లాంటి సంపన్నుల పేటలున్నాయి, కొద్ది కిలోమీటర్లలో న్యాంగా, ఖాయెలిచా అనే పేదపేటలున్నాయి. శవాలు లేచేది న్యాంగాలో. చంపేవాడూ చచ్చేవాడూ ఇద్దరూ పేదవాళ్లే, చాలాసార్లు ముఖపరిచయం ఉన్న కుర్రాళ్లే. ధనికుల పేటకు వెళ్లేది ఇళ్లకు కన్నం వేసే నేరం. 2005 లో డిమాంబైన్స్, ఓజ్లెర్ చూపించింది అదే: చుట్టుపక్కల స్టేషన్ల పరిధులన్నింటిలో తనే సంపన్నమైన పరిధిలో ఇళ్ల దొంగతనాలు 25 నుంచి 43 శాతం ఎక్కువ.

అలాంటప్పుడు అసమానత పేదపేటలో మనిషిని ఎలా చంపుతుంది? నాకు గట్టిగా కనబడే దారి రక్షణ పంపకం. ఉన్నవాళ్లు ప్రైవేటు కాపలా కొనుక్కున్నారు. పని చేస్తున్న ప్రైవేటు గార్డులు 5 లక్షలకు పైగా, పోలీసు శాఖలో మొత్తం సిబ్బంది 2 లక్షల లోపు. డబ్బున్నవాడికీ పలుకుబడి ఉన్నవాడికీ ప్రభుత్వ పోలీసుతో పని లేకపోతే ఆ పోలీసు ఎలా ఉన్నా అడిగేవాడుండడు. ఖాయెలిచా మీద వేసిన విచారణ సంఘం 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. హింస ఎక్కువున్న నల్లజాతి పేదపేటలకే జనాభాతో పోలిస్తే తక్కువ మంది పోలీసులను ఇస్తున్నారని అందులో బయటపడింది. 2018 డిసెంబరులో సమానత్వ న్యాయస్థానం ఆ కేటాయింపు పద్ధతి పేదల మీద, నల్లవారి మీద వివక్షేనని తీర్పు చెప్పింది.

పోలీసు రాని చోట గొడవ తీర్చేదెవరు? కుర్రాడు తనే తీర్చుకుంటాడు, లేదా గ్యాంగు తీరుస్తుంది. అవమానాన్ని అక్కడికక్కడే తేల్చుకోకపోతే రేపు ప్రతివాడూ మీద పడతాడన్న లెక్క అక్కడ తప్పు లెక్క కాదు. పదవో, డబ్బో, ఇల్లో చూపించి గౌరవం పొందే దారి లేనివాడికి "వీడి జోలికి పోకు" అనిపించుకోవడమే మిగిలిన ఆస్తి. దానికి తోడు శని, ఆదివారాల తాగుడు.

సందేహాలరావు

డర్బన్ గారూ, దక్షిణాఫ్రికానే తీసుకుందాం. 1994-95 లో హత్యల రేటు 67 దగ్గర. 2011-12 కి దాదాపు 30. సగానికి పైగా పడిపోయింది. ఆ మధ్య గినీ తగ్గిందా? తగ్గకపోగా కొంత పెరిగింది. మీ సిద్ధాంతాన్ని మీ దేశమే ఒప్పుకోవడం లేదు.

డర్బన్_తెలుగు

అంకెలు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ కాలంలో మారినవి రెండు. జాతి వివక్ష పాలన చివరి రోజుల రాజకీయ హింస, ముఖ్యంగా తూర్పు తీరంలోని నటాల్ ప్రాంతంలోది, చల్లారింది. 2000 నాటి తుపాకుల నియంత్రణ చట్టం 2004 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. లైసెన్సు కావాలంటే పరీక్ష, నేపథ్య విచారణ, వయసు పరిమితి పెట్టారు, లక్షల ఆయుధాలు వెనక్కి వచ్చాయి.

తర్వాత ఎందుకు పెరిగిందో కూడా చూడండి. వెనక్కి తీసుకున్న తుపాకుల్లో సుమారు 2,000 ఒక పోలీసు అధికారి చేతి మీదుగా కేప్‌టౌన్ శివారు పేటలైన కేప్ ఫ్లాట్స్ గ్యాంగులకు చేరాయి. 2016 లో ఆయనకు 18 ఏళ్ల శిక్ష పడింది. ఇప్పుడు హత్యల్లో 40 శాతానికి పైగా తుపాకీతోనే.

గినీ పదేళ్లకు రెండు పాయింట్లు, అంటే 0.02, కదిలే సరుకు. తుపాకీ, గ్యాంగుల ఒప్పందం, పోలీసు పనితీరు ఏడాదిలో మారిపోతాయి. దేశాన్ని దేశంతో పోల్చితే అసమానత కనబడుతుంది. ఒకే దేశంలో ఏటేటా చూస్తే మిగతావి దాన్ని కప్పేస్తాయి.

పట్టికలపిచ్చి

న్యూమాయర్‌కు సంబంధం ఎందుకు దొరకలేదో కూడా సగం ఇందులోనే ఉంది. దేశాన్ని దానితోనే పోల్చినప్పుడు గినీలో మిగిలే కదలిక చాలా చిన్నది, అందులో సర్వే పొరపాటే ఎక్కువ భాగం. పొరపాటుతో నిండిన చలరాశికి గుణకం సున్నా వైపు జారుతుంది, అంటే ఉన్న సంబంధం కూడా లేనట్టు కనబడుతుంది. "దొరకలేదు" అంటే "లేదు" అని కాదు. "ఉంది" అని కూడా కాదు, రావుగారూ, నవ్వకండి.

బ్రెజిల్ ఇంకా ఇబ్బందికరమైన ఉదాహరణ, నేనే ఇస్తా. 2001 తర్వాత పదేళ్లలో అక్కడ గినీ దాదాపు 0.59 నుంచి 0.53 కి దిగింది, అంత వేగంగా దిగడం అరుదు. హత్యలు దిగలేదు. 2017 లో 65 వేలు దాటి రేటు 31.6 దగ్గర శిఖరానికి చేరాయి. అంతకు ముందు ఏడాది, 2016 లో, రెండు పెద్ద జైలు గ్యాంగుల మధ్య ఒప్పందం తెగిపోయింది, ఉత్తర, ఈశాన్య రాష్ట్రాలు రక్తసిక్తం అయ్యాయి. అదే దేశంలో సావో పాలో రాష్ట్రంలో మాత్రం 2001 తర్వాత హత్యలు మూడో వంతు కంటే తక్కువకు పడ్డాయి. పోలీసులు తమ గొప్ప అంటారు. ఒకే గ్యాంగు ఏకఛత్రాధిపత్యం వచ్చి, తన అనుమతి లేకుండా చంపొద్దని నియమం పెట్టడం కూడా కారణమని చాలామంది పరిశోధకుల మాట.

మెక్సికోది దీనికి రెండో పక్క. 2,000 కు పైగా మునిసిపాలిటీలను 1990 నుంచి 2010 వరకు చూశారు. 2006 డిసెంబరులో మాదకద్రవ్యాల ముఠాల మీద సైన్యాన్ని దించారు కదా. 2007-2010 మధ్య గినీ ఒక్క పాయింటు, అంటే 0.01, ఎక్కువైన చోట ఆ ముఠాల హత్యల రేటు 36 శాతానికి పైగా పెరిగింది. ఆ యుద్ధ కాలానికి బయట ఇదే గినీ ప్రభావం చాలా తక్కువ. ముఠాలు చీలి కూలికి కుర్రాళ్లు కావలసి వచ్చినప్పుడు, పట్టుబడే భయం తగ్గినప్పుడు, అసమాన మునిసిపాలిటీల్లో వాళ్లు సులువుగా దొరికారు. అసమానత ప్రభావం ఎంత అన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబుగా రాదు. పక్కన ఏముందో దాన్ని బట్టి మారుతుంది.

ఓరుగల్లు_బిడ్డ

ఇండియాల కారణాల పట్టిక ఎవ్వరు చూడరు, అది గూడ ఎన్‌సీఆర్‌బీలనే ఉంటది. 2022 హత్యలల్ల తగాదాలు 9,962, పగలు 3,761, లాభం కోసం చేసినవి 1,884. తగాదాల కింద మళ్ల భూమి, కుటుంబం, చిన్న చిన్న కొట్లాటలు, నీళ్లు, పైసలు అని విడదీస్తరు. సొమ్ము కోసం చంపుడు పదిహేనింట ఒకటి. కాబట్టి "లేనోడు దోచుకోనీకి చంపుతడు" అనే మాట ఇక్కడ గూడ పనికిరాదు.

ఇంకొకటి. జీన్ డ్రెజ్, రీతికా ఖేరా 1981 జిల్లాల లెక్కలు పట్టుకొని చేసిన పని 2000 ల వచ్చింది. పేదరికంతోని, పట్టణీకరణతోని హత్యలకు చెప్పుకోదగ్గ సంబంధం దొరకలె. చదువు ఎక్కువున్న జిల్లాలల్ల హత్యలు తక్కువ. ఆడవాళ్ల నిష్పత్తి తక్కువున్న జిల్లాలల్ల హత్యలు ఎక్కువ, అన్నిట్ల గట్టిగ కనబడ్డది అదే. నీ కేరళ, బీహార్ తేడాల ఈ రెండు ఎంత పని చేస్తున్నయో చూడకుండ గినీ మీద వేస్తె ఎట్ల?

ఆదాయం హింసను కదిలించదని గూడ అనలేం. సేఖ్రీ, స్టోరీగార్డ్ 2002-2007 మధ్య 583 జిల్లాల వానలు చూసిన్రు. వాన మామూలు కంటె ఒక ప్రామాణిక విచలనం (ఏటేటా మామూలుగ ఉండే హెచ్చుతగ్గు అంత) తగ్గిన ఏడు వరకట్న మరణాలు 7.8 శాతం పెరిగినయ్. పంట పోయిన బాధ ఎవరి మీద పడ్డదో సూడుర్రి. ఇంట్ల అందరి కంటె తక్కువ బలం ఉన్న మనిషి మీద. ఇంటి లోపల అసమానత ఏ గినీలకు రాదు, ఇంటి ఖర్చును తలల తోని భాగించి అందరికి సమానం అనుకుంటరు గద.

తూనికరాయి

ఒప్పుకుంటున్నా, రాష్ట్రాల పట్టిక చించేశా. తెలుగు రాష్ట్రాలకు జిల్లా స్థాయిలో చేయాలంటే మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలి? ఎక్కడ కాలు జారుతుంది?

పట్టికలపిచ్చి

కాలు జారే మొదటి చోటు సరిహద్దులు. తెలంగాణ 2016 అక్టోబరులో 10 నుంచి 31 జిల్లాలైంది, తర్వాత 33. ఆంధ్ర 2022 ఏప్రిల్ 4 న 13 నుంచి 26. ఎన్‌సీఆర్‌బీ ఇచ్చేవి రెవెన్యూ జిల్లాలు కాదు, పోలీసు జిల్లాలు. కాబట్టి అన్నింటినీ 2011 జనగణన నాటి 23 జిల్లాలకు వెనక్కి కలపండి.

ఆంధ్రలో ఇది తేలిక. విజయవాడ నగరాన్ని కృష్ణాలో, విశాఖ నగరం, రూరల్ రెండింటినీ విశాఖపట్నంలో, గుంటూరు అర్బన్, రూరల్ రెండింటినీ గుంటూరులో, రాజమండ్రి అర్బన్‌ను తూర్పు గోదావరిలో, తిరుపతి అర్బన్‌ను చిత్తూరులో కలపడమే. హైదరాబాద్ చుట్టూ చిక్కు. 2016 నుంచి 2022 దాకా లెక్కల్లో రాచకొండ కమిషనరేట్‌లో యాదాద్రి భువనగిరి ఉంది, అది పాత నల్గొండ. సైబరాబాద్‌లో షాద్‌నగర్ ఉంది, అది పాత మహబూబ్‌నగర్. షాద్‌నగర్‌ను చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. హైదరాబాద్, రంగారెడ్డి, నల్గొండలను మాత్రం ఒకే ముద్ద చేయక తప్పదు. రామగుండం కమిషనరేట్‌లో పెద్దపల్లి (పాత కరీంనగర్), మంచిర్యాల (పాత ఆదిలాబాద్) రెండూ ఉన్నాయి, కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్‌లను కూడా ఒకటి చేయండి. అంటే మీకు మిగిలేవి 20 యూనిట్లు. రైల్వే పోలీసు లెక్కలు ఏ జిల్లాకూ చెందవు, తీసెయ్యండి.

రెండోది చిన్న సంఖ్యల జూదం. 18 లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షకు 2 చొప్పున ఏడాదికి 36 హత్యలు. ఏమీ మారకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అది 24 కి దిగొచ్చు, 48 కి ఎక్కొచ్చు. వర్గమూలం 6, దానికి రెండింతలు 12. పత్రికల్లో "జిల్లాలో హత్యలు 30 శాతం పెరిగాయి" అన్న వార్తలు చాలావరకు ఈ ఊగిసలాటే. ఐదేళ్లు కలపండి: 180 కి అటూ ఇటూ 27, అంటే 15 శాతం. అప్పుడు జిల్లాల మధ్య తేడా కాస్త కనబడుతుంది. లాక్‌డౌన్ ఏడాది 2020 ని కలపాలా వద్దా ముందే నిర్ణయించుకోండి, ఫలితం చూశాక కాదు.

మూడోది, రేటుకు లాగ్ తీసి సరళ రేఖ గీయకండి. సున్నా వచ్చిన చోట లాగ్ ఉండదు, అక్కడ 0.1 కలిపి సర్దుకోవడం పాత దురలవాటు. హత్యల సంఖ్యనే ఎడమ పక్క ఉంచి, జనాభాను కొలమానంగా ఇచ్చి రుణ ద్విపద నమూనా (నెగటివ్ బైనోమియల్, సంఖ్యలను లెక్కపెట్టే డేటాకు సరిపడేది) వాడండి. ఎక్సెల్‌లో కుదరదు, ఆర్ లోనో పైథాన్‌లోనో నాలుగు వరుసల పని.

నాలుగోది గినీ. 2022-23 సర్వేలో దేశం మొత్తానికి 2,61,746 ఇళ్లు. జిల్లాకు సగటున నాలుగు వందల ఇళ్లు కూడా రావు. పై మెట్టు ఇళ్లు అందులో ఎన్ని ఉంటాయి? జిల్లా గినీ మీద పొరపాటు పరిధి వేసి చూస్తే జిల్లాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. పాత జిల్లాలుగా కలిపితే కొంత నయం. భారాంకాలు (సర్వేలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) వాడకుండా మాత్రం లెక్క వేయకండి, పట్టణాల్లో ఉన్న ఇళ్లను కావాలనే ఎక్కువ తీసుకుంటారు.

నియంత్రణలుగా, అంటే హత్యలను కదిలించే ఇతర కారణాలుగా, అక్షరాస్యత, స్త్రీ పురుష నిష్పత్తి, 15-29 ఏళ్ల పురుషుల వాటా చాలు. 20 యూనిట్లకు అంతకు మించి పెడితే నమూనా మీరేం కోరితే అది చెబుతుంది.

సందేహాలరావు

20 యూనిట్లతో ఏది తేలినా నేను నమ్మను, ముందే చెబుతున్నా. సరే, తేలిందే అనుకుందాం. గినీ తగ్గించమని ఎస్పీ గారికి చెబుతారా?

గోదారిగట్టు

ఎస్పీ గారికి చెప్పేది వేరే ఉంటుంది. అసమానత హింసగా మారే దారిలో మధ్యనున్న మెట్ల మీద పని చేయొచ్చని చూపించినవాళ్లున్నారు. షికాగోలో హింస ఎక్కువున్న 13 బడుల నుంచి 1,634 మంది పిల్లలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో కొందరికి వేసవిలో 8 వారాల పాటు, వారానికి 25 గంటల ఉద్యోగం ఇచ్చారు, కనీస వేతనమే. 16 నెలల్లో హింసాత్మక నేరాల్లో అరెస్టులు 43 శాతం తగ్గాయి. తగ్గుదల ఎక్కువగా కనబడింది ఉద్యోగం అయిపోయాక. కాబట్టి "పనిలో ఉన్నాడు కాబట్టి వీధిలో లేడు" అన్నది కారణం కాదు. దొంగతనాలు తగ్గలేదు, అంటే జేబులో డబ్బు పడడం ఒక్కటే కారణమనీ అనలేం. పై అధికారితో మాట్లాడడం, కోపం ఆపుకోవడం, గొడవ లేకుండా రోజు గడపడం అలవాటైందేమోనని చేసినవాళ్ల ఊహ.

బ్రెజిల్‌లో 2008 లో పేద కుటుంబాలకిచ్చే బోల్సా ఫమీలియా నగదు సాయాన్ని 16, 17 ఏళ్ల పిల్లలున్న ఇళ్లకూ పొడిగించారు. సావో పాలో నగరంలో అలాంటి పిల్లలు ఎక్కువున్న బడుల చుట్టుపక్కల నేరాలు తగ్గాయి.

సందేహాలరావు

43 శాతం అంటే ఎంతమంది?

గోదారిగట్టు

వందమంది పిల్లలకు సుమారు నాలుగు అరెస్టులు తక్కువ. శాతం పెద్దది, సంఖ్య చిన్నది. అడిగి మంచి పని చేశారు, ఇది రాసేవాళ్లు ఎప్పుడూ శాతమే రాస్తారు.

ఓరుగల్లు_బిడ్డ

తూనికరాయి అన్నా, గినీ బదులు భూమి పెట్టి చూడు. మన దగ్గర తగాదాలల్ల భూమి పద్దు ఎట్లనో ఉన్నది. వ్యవసాయ గణన 2015-16 ల జిల్లాల వారీగ కమతాల సైజులు దొరుకుతయ్. శాంపిల్ గొడవ తక్కువ.

పట్టికలపిచ్చి

మంచి ఆలోచనే, ఒక గుంత ఉంది. ఆ గణనలో కమతం ఉన్నవాడే లెక్క. సెంటు భూమి లేని కూలీ అసలు కనబడడు. భూమి గినీ వేసేటప్పుడు 2011 సామాజిక ఆర్థిక కుల గణన నుంచి జిల్లాలో భూమి లేని ఇళ్ల సంఖ్య తెచ్చి, సున్నా ఎకరాలుగా వరుస మొదట్లో చేర్చండి. అది చేర్చకపోతే కూలీలు ఎక్కువున్న డెల్టా జిల్లాలు మెట్ట జిల్లాల కంటే సమానంగా కనబడే ప్రమాదం ఉంది. ఇంకోటి, అది కమతాల గణన, సొంతదారుల గణన కాదు. కౌలుకు చేసే భూమి సాగు చేసేవాడి పేరున పడుతుంది.

తూనికరాయి

కౌలు ఎక్కువున్న గోదావరి జిల్లాల్లో అది పెద్ద తేడానే. అయితే రెండు విధాలా వేస్తా, భూమి లేనివాళ్లతో ఒకటి, లేకుండా ఒకటి. హత్యలు 2015 నుంచి 2019 వరకు ఐదేళ్లు, 2020 వద్దు. వరకట్న మరణాలు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి. నాలుగు పట్టికలూ ఇక్కడే పెడతా. ఏది ముఖ్యమైన పట్టిక అంటే, భూమి లేనివాళ్లతో, వరకట్న మరణాలు కలపకుండా వేసినది. ఫలితం రాకముందే ఈ మాట రాసి పెడుతున్నా, రావుగారు గుర్తుపెట్టుకోండి.

సందేహాలరావు

స్క్రీన్‌షాట్ తీసుకున్నా.